డబ్బున్నవాళ్ల డెక్కేనా గెలిచేది?
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

మ్యాజిక్, పోకెమాన్, యూ-గి-ఓ లాంటి కార్డు ఆటల ఖర్చు గురించి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఈ ఆటల్లో ఎవరి కార్డులు వాళ్లే కొనుక్కుని డెక్ (ఆడే కట్ట) కట్టుకుంటారు, ప్యాకులో ఏ కార్డులొస్తాయో ముందు తెలియదు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మా హాస్టల్లో పదిమందిమి 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' ఆడతాం. ఇద్దరి డెక్‌లు వేలల్లో ఉంటాయి. మిగతావాళ్లం ఓడిపోవడానికే కూర్చున్నట్టుంటుంది. అందుకని డెక్ మొత్తం ఖరీదు 1,500 రూపాయలు దాటకూడదని నియమం పెట్టుకున్నాం. నెల తిరక్కుండానే గొడవలు మొదలయ్యాయి. ఎక్కడ తప్పు చేశాం?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మొత్తం మీద పరిమితి పెట్టడం దగ్గరే మొదటి తప్పు జరిగింది. 60 కార్డుల డెక్‌లో 24 దాకా బేసిక్ ల్యాండ్‌లు (మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చేవి) ఉంటాయి, వాటికి దాదాపు ఖర్చుండదు. మిగిలిన 36 కార్డులకే మీ 1,500. లెక్క తెలిసినవాడు 250 రూపాయల కార్డు ఒకటి చూసుకుని నాలుగు కాపీలు కొంటాడు, అక్కడికి వెయ్యి. మిగతా 32 కార్డులను తలా 15 రూపాయల సరుకుతో నింపేస్తాడు. ఆ నాలుగింటిలో ఒకటి చేతికొస్తే గెలుపు, రాకపోతే ఓటమి. ఇక ఎదుటివాడు ఆడేదేముంది? అదే పరిమితిని కార్డుకు 40 రూపాయలని మార్చండి. 36 కార్డులూ అంచు దాకా వెళ్లినా 1,440 అవుతుంది. ఖర్చు ఇంచుమించు అంతే, కానీ ఒక్క కార్డు మీద డెక్ అంతా నిలబెట్టే దారి మూసుకుపోతుంది.

రెండో గొడవ, ఎవరి ధర నిజమైన ధర అన్నది. ఒకరు అమెరికా సైటు చూపిస్తారు, ఇంకొకరు మన ఊరి దుకాణం బిల్లు చూపిస్తారు, మూడోవారు సీనియర్ దగ్గర సగానికి కొన్నానంటారు. పైగా ఎక్కడో ఒక పెద్ద పోటీలో ఒక కార్డు గెలిస్తే దాని ధర రాత్రికి రాత్రే ఎగురుతుంది. నిన్న చెల్లిన డెక్ ఇవాళ చెల్లదు. చవకలో ఆడదామని వచ్చినవాడికి ఇంతకంటే చిరాకు ఉండదు.

దీనికి మంచి మందు 'పెన్నీ డ్రెడ్‌ఫుల్' అనే పద్ధతిలో ఉంది. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు పెట్టుకున్నది. అక్కడి లెక్కలో 0.02 టికెట్, అంటే సుమారు రెండు సెంట్లు, అంతకు మించని కార్డులే చెల్లుతాయి. ధర ఒక్కసారి చూసి వదిలేయరు. రోజుల తరబడి పదేపదే చూసి, అందులో కనీసం సగం సార్లు పరిమితి లోపల ఉన్నవాటితో జాబితా తీస్తారు. కొత్త కార్డుల సెట్ వచ్చేదాకా ఆ జాబితాను కదపరు.

మీ పదిమందికి దాన్ని ఇలా కుదించుకోండి. ఒక సైటు, ఒక కరెన్సీ ముందే ఒప్పుకోండి. ఫాయిల్ (మెరిసేవి) కాని అచ్చుల్లో అన్నిటికన్నా చవకైనదాని ధరే లెక్క. ఏడు రోజులు, రోజూ ఒకే వేళకి చూడాలి. నాలుగు రోజులైనా 40 లోపల ఉంటే కార్డు జాబితాలోకి వస్తుంది. మ్యాజిక్‌లో పాతిక వేలకు పైగా కార్డులున్నాయి, అన్నీ చూడక్కర్లేదు. మీవాళ్లు నిజంగా ఆడదలచుకున్నవి పేర్లిస్తే మనిషికి పది, పన్నెండు రకాల చొప్పున 120 దాటవు. జాబితా మీద తేదీ వేసి మూడు నెలలు తాళం వేయండి. మధ్యలో ధర 200 అయినా ఆ మూడు నెలలూ కార్డు చెల్లుతుంది. తర్వాతి జాబితాలో రాలిపోయిన కార్డులు డెక్‌కు రెండు రకాల వరకు ఇంకో విడత ఆడనిస్తే, కొన్నవాళ్ల డబ్బు ఒక్కసారిగా నీళ్లపాలవదు.

ఇంత చేసినా ఒకటి రెండు కార్డుల మీద నిషేధం తప్పకపోవచ్చు. చవక కార్డు బలహీనమైనదే అయి ఉండాలని ఏమీ లేదు. అది కింది జవాబుల్లో.

ప్రశ్న: మా అబ్బాయి కావలసిన కార్డు దొరికేదాకా ప్యాకులు కొంటూనే ఉంటానంటున్నాడు. 'ఎప్పటికైనా వస్తుంది కదమ్మా' అని వాదన. నిజంగా వస్తుందా?
– గృహిణి, విజయవాడ

జవాబు: లెక్క వేసి చూపించండి. 2008లో వచ్చిన 'షార్డ్స్ ఆఫ్ అలారా' అనే మ్యాజిక్ సెట్‌తోనే మిథిక్ రేర్ అనే పై తరగతి మొదలైంది. ఆ సెట్‌లో మిథిక్‌లు 15. సుమారు ఎనిమిది ప్యాకులకు ఒక మిథిక్ వస్తుంది. అంటే కోరుకున్న ఆ ఒక్క కార్డు 8 × 15, సగటున 120 ప్యాకులకు ఒకటి. సగటు అన్నాం కాబట్టి 120 కొన్నవాళ్లందరికీ దొరుకుతుందనుకోవద్దు. నూటికి 37 మందికి అప్పటికీ రాదు. డెక్‌లో నాలుగు కావాలంటే 480 ప్యాకులు. ఒక్క కార్డే కావాలనుకుంటే దాన్ని విడిగా కొనడం ఎప్పుడూ చవక. ప్యాకులు విప్పే సరదా వేరు, దానికి నెలకింత అని విడిగా ఇవ్వండి.

ప్రశ్న: కామన్ కార్డులతోనే (ప్యాకుల్లో ఎక్కువగా దొరికేవి) ఆడాలని నియమం పెడితే ఖర్చు సమస్య తీరినట్టేనా? కామన్ అవునో కాదో ఎలా తేల్చాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: చాలావరకు తీరుతుంది. ఈ పద్ధతి పేరు 'పాపర్'. డెక్ కనీసం 60 కార్డులు, ఒక్కో పేరుతో నాలుగు మించకూడదు (బేసిక్ ల్యాండ్‌లకు ఈ లెక్క లేదు), సైడ్‌బోర్డు (ఆటకూ ఆటకూ మధ్య మార్చుకునే అదనపు కార్డులు) 15 వరకు. కాగితం మీదో ఆన్‌లైన్‌లోనో ఎప్పుడైనా ఒక్కసారి కామన్‌గా వచ్చిన కార్డు ఏదైనా చెల్లుతుంది. మీ చేతిలో ఉన్న కాపీ అన్‌కామన్ అచ్చుదైనా ఫరవాలేదు. 2019కి ముందు కాగితం ఆటకు ఒక జాబితా, ఆన్‌లైన్‌కు ఇంకొకటి అన్నట్టు నడిచేది. ఆ ఏడాది మ్యాజిక్ తయారీ సంస్థ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ రెండూ కలిపి అధికారికం చేసింది.

గుర్తుపట్టడానికి కార్డు మధ్యలో కుడివైపున్న సెట్ గుర్తు రంగు చూడండి. నలుపైతే కామన్, వెండి రంగైతే అన్‌కామన్, బంగారు రంగైతే రేర్, ఎర్రనారింజైతే మిథిక్. ఈ రంగులు 1998 నాటి 'ఎక్సోడస్' సెట్ నుంచే. అంతకు ముందు కార్డులకు రంగు తేడా లేదు, కాబట్టి కార్డుల వివరాలిచ్చే స్క్రైఫాల్ సైటులో పేరు కొట్టి, పాపర్ ఎదురుగా చెల్లుతుందని ఉందో లేదో చూడటమే దారి.

కామన్ అంటే చవక అని మాత్రం అనుకోకండి. 1993 నాటి 'అరేబియన్ నైట్స్'లోని 'అవుబ్లియెట్' కామనే. తక్కువ అచ్చయింది, అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2020లో 'డబుల్ మాస్టర్స్'లో మళ్లీ వేసేదాకా సామాన్యుడికి అందలేదు. అందుకే మీ గుంపు నియమంలో 'కామన్ అయి ఉండాలి' పక్కనే 'ఇంత ధర మించకూడదు' అని కూడా రాసుకోండి.

బలం విషయానికొస్తే, లైట్నింగ్ బోల్ట్, కౌంటర్‌స్పెల్, బ్రెయిన్‌స్టార్మ్ మూడూ కామన్‌లే. ఆట చప్పగా ఉంటుందన్న భయం అక్కర్లేదు. అసలు పాపర్‌లో ఆటను పాడు చేసేవి పెద్ద పెద్ద జీవులు కావు. మనా (ల్యాండ్‌లిచ్చే శక్తి) ఖర్చు లేకుండా ఆడేవి, ఆడగానే తన బదులు ఇంకో కార్డు ఇచ్చేవి. 2019 మేలో నిషేధించిన మూడూ చూడండి. 'డేజ్' మన ఐలాండ్ (ఒక రకం ల్యాండ్) ఒకటి చేతిలోకి వెనక్కి తీసుకుని, ఎదుటివాడు అదనంగా ఒక మనా కట్టకపోతే అతని మంత్రాన్ని ఆపుతుంది, 'గష్' రెండు ఐలాండ్‌లు వెనక్కి తీసుకుని రెండు కార్డులిస్తుంది, 'గిటాక్సియన్ ప్రోబ్' రెండు లైఫ్ పాయింట్లకు ఎదుటివాడి చేయి చూపించి ఒక కార్డు కూడా ఇస్తుంది. ఆటలో వేగాన్ని అదుపు చేసేది ల్యాండ్‌ల లెక్క. ఈ మూడూ ఆ లెక్కనే దాటేస్తాయి. మీ దగ్గర ఏ చవక కార్డు అల్లరి చేస్తున్నా ముందు ఈ రెండు ప్రశ్నలు వేసి చూడండి: ఊరికే ఆడొచ్చా? ఆడాక చేతిలో కార్డు తగ్గుతోందా లేదా?

నిషేధాలు ఎవరు చూడాలన్నదానికి కూడా అక్కడ మంచి నమూనా ఉంది. 2022 జనవరిలో పాపర్‌కంటూ ఆటగాళ్లతో ఒక కమిటీ వేశారు. వాళ్లు ఏది నిషేధించినా కారణం వివరంగా రాస్తారు. 2025లో 'హై టైడ్', 'ప్రొఫెటిక్ ప్రిజం' కార్డులను ప్రయోగంగా తిరిగి వదులుతున్నామని ముందే చెప్పి మరీ వదిలారు. మీ గుంపులో ముగ్గురిని పెట్టుకోండి, ఆ ముగ్గురూ ఒకే రకం డెక్ ఆడేవాళ్లు కాకూడదు. నిర్ణయం నెలాఖరునే, రెండు వాక్యాల కారణంతో. ఓడిపోయిన రాత్రి పెట్టిన నిషేధం ఏదీ నిలవదు.

ప్రశ్న: అందరం డబ్బులేసుకుని ఒకే పెట్టె కార్డులు కొని ఆడే పద్ధతి ఉందట. ఎన్ని కార్డులు కావాలి, ఎలా ఎంచాలి?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: దాన్ని 'క్యూబ్' అంటారు. మా దృష్టిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా న్యాయమైన పద్ధతి ఇదే. పేకాటలో ఎంత డబ్బున్నవాడికైనా అదే కట్టలోంచి ముక్కలు పంచుతారు కదా, ఇక్కడా అంతే. ఇంటి నుంచి ఎవరూ డెక్ తీసుకురారు.

ఎనిమిది మందికి 360 కార్డులు. మనిషికి 15 కార్డుల కట్టలు మూడు, 8 × 45 = 360. నలుగురే అయితే 180 చాలు. ప్రతి కార్డూ ఒక్కటే ఉండాలి, రెండో కాపీ వద్దు. మొదటి కట్టలోంచి ఒకటి తీసుకుని మిగతాది ఎడమవైపు వాళ్లకివ్వాలి, అలా అయిపోయేదాకా. రెండో కట్ట కుడివైపు, మూడోది మళ్లీ ఎడమ. చివరికి చేతిలో 45 ఉంటాయి. అందులోంచి 23, పైన 17 ల్యాండ్‌లు, మొత్తం 40 కార్డుల డెక్. బేసిక్ ల్యాండ్‌లు విడిగా ఒక డబ్బాలో, మ్యాజిక్‌లోని అయిదు రంగుల్లో రంగుకు 36 చొప్పున 180 పెట్టుకోండి. ఎనిమిది మందికి కావలసింది 136 అయినా, ఒకోసారి ఒకే రంగు మీద అందరూ పడతారు.

360ని ఇలా పంచుకోండి: అయిదు రంగులకు 50 చొప్పున 250, రెండు రంగుల కార్డులు పది జంటలకు అయిదేసి 50, రంగు లేనివి 30, ల్యాండ్‌లు 30 (జంటకు రెండు చొప్పున 20, మిగతా పది మీ ఇష్టం). ఒక్కో రంగులోని 50కి మనా ఖర్చు లెక్క మేము సూచించేది: ఒకటివి 8, రెండువి 14, మూడువి 12, నాలుగువి 8, అయిదువి 5, ఆరు పైవి 3. ఈ 50లో సగం పైచిలుకు జీవులు, ఎదుటి జీవిని తీసేసేవి ఏడెనిమిది. ఆకుపచ్చలో నేరుగా చంపేవి తక్కువ కాబట్టి జీవులు కొట్టుకునే 'ఫైట్' కార్డులతో సరిపెట్టాలి.

మొదటిసారి కట్టేవాళ్లు చేసే పొరపాట్లు ఎప్పుడూ ఇవే. పెద్ద కార్డుల మోజులో ఒకటి, రెండు మనావి తగ్గించేస్తారు. వేగంగా కొట్టే డెక్‌లు చచ్చిపోయి ప్రతి ఆటా గంట సాగుతుంది. తీసేసే కార్డులు తక్కువైతే ముందు పెద్ద జీవి దింపినవాడే రాజు. ఇక 'గోబ్లిన్‌లు ఎక్కువుంటే బలం' లాంటి కార్డు ఒకటి పెట్టి గోబ్లిన్‌లు నాలుగే పెడితే అది ప్రతిసారీ చివరి కార్డుగా చేతులు మారుతూ ఉంటుంది. ఒక ఆలోచన పెడితే దానికి తోడుగా ఎనిమిది, పది కార్డులన్నా ఉండాలి, లేదంటే అసలు పెట్టొద్దు. నాలుగైదు డ్రాఫ్ట్‌లు (ఇలా కట్టల్లోంచి ఎంచుకుని ఆడటం) అయ్యాక ఎవరి డెక్‌లోకీ ఎక్కని కార్డుల్ని రాసుకుని, నెలకు పది మార్చండి, అంతకు మించి వద్దు.

ఖర్చు: అన్నీ కామన్‌లే వేసి, సగటు పది రూపాయలకు దొరికితే 3,600. ఎనిమిది మందికి తలా 450. స్లీవ్‌లు (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులు) 360కీ, 180 ల్యాండ్‌లకీ కలిపి 540 కావాలి. చిరిగేవాటికి కూడా కలుపుకుని 600 ఒకేసారి, ఒకే బ్రాండు, ఒకే రంగు కొనండి. ఆరు నెలల తర్వాత అదే బ్రాండు తెచ్చినా వెనకవైపు ఛాయ తేడా వస్తే కార్డు ఏదో బయటపడుతుంది. ఆట ముగిశాక పెట్టెలో 360 లెక్కపెట్టాకే ఎవరైనా లేవాలి. కాలేజీ వదిలి వెళ్లేవాళ్ల వాటా ఎవరు, ఎంతకు కొనాలో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. కార్డుల కన్నా స్నేహాలు పోయేది అక్కడే.

ప్రశ్న: ఖరీదైన కార్డుల్ని ప్రింట్ తీసుకుని ఆడొచ్చా? మా ప్రింట్‌లు చిన్నవిగా వస్తున్నాయి.
– పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంట్లో, స్నేహితుల మధ్య, అమ్మకం లేకుండా అయితే ఇబ్బంది లేదు. సొంతానికి ఆడి చూసుకునే ఉత్తుత్తి కార్డుల మీద తమకు అభ్యంతరం లేదనీ, అధికారిక పోటీల్లో మాత్రం అసలు కార్డులే ఉండాలనీ విజర్డ్స్ సంస్థ 2016లోనే చెప్పింది. అసలుదేనని నమ్మించేలా అచ్చేసి అమ్మడం మాత్రం నకిలీ సరుకే. చూడగానే తెలిసేలా నలుపు-తెలుపులో తీస్తే ఏ అనుమానమూ ఉండదు.

మ్యాజిక్, పోకెమాన్ కార్డు 63 × 88 మి.మీ. ఏ4 కాగితం మీద మూడు వరసల్లో తొమ్మిది పడతాయి. మీవి చిన్నవిగా రావడానికి కారణం ప్రింటర్ సెట్టింగ్‌లో కాగితానికి సరిపడా కుదించమని ఉండటం. దాన్ని 100 శాతానికి మార్చి, ఒక్క పేజీ తీసి స్కేలుతో కొలిచాకే మిగతావి తీయండి. యూ-గి-ఓ కార్డులు 59 × 86, వాటికి స్లీవ్‌లు కూడా చిన్నవే. మందపాటి అట్ట వద్దు. మామూలు 80 జీఎస్ఎం కాగితం కత్తిరించి, స్లీవ్‌లో పనికిరాని కార్డు ముందు పెట్టండి. డెక్‌లో కొన్నిటికే ఇలా చేస్తే ఆ స్లీవ్‌లు వేలికి మందంగా తగులుతాయి, తెలియకుండానే గుర్తు పెట్టినట్టవుతుంది. అసలు కార్డుల వెనక కూడా అదే కొలత తెల్ల కాగితం పెడితే సరి.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. ఇక్కడి తెలుగు పిల్లలంతా వారాంతాల్లో పోకెమాన్ ఆడతారు. ఏటా పాత కార్డులు చెల్లవంటున్నారు, కొత్తవి కొనలేకపోతున్నాం.
– తండ్రి, డాలస్

జవాబు: ఏటా చెల్లకుండా పోయేది 'స్టాండర్డ్' అనే పోటీ పద్ధతిలో. మీరు పిల్లల్ని 'జిమ్ లీడర్ ఛాలెంజ్'కి మళ్లించండి. ఆటగాళ్లు తయారు చేసిన పద్ధతి. 60 కార్డుల డెక్, బేసిక్ ఎనర్జీ (పోకెమాన్ దాడులకు కావలసిన శక్తి కార్డులు) తప్ప ప్రతి కార్డూ ఒక్కటే. పోకెమాన్‌లన్నీ ఒకే రకానివి కావాలి, నిప్పు అయితే అన్నీ నిప్పే. కార్డు మీద ప్రత్యేక నియమం అచ్చైన 'రూల్ బాక్స్' ఉన్నవి (ఈఎక్స్, జీఎక్స్, వీ లాంటివి), డెక్‌కు ఒక్కటే అనుమతించే ఏస్ స్పెక్ కార్డులు చెల్లవు. 2011 నాటి 'బ్లాక్ అండ్ వైట్' నుంచి ఇప్పటిదాకా వచ్చినవన్నీ వాడొచ్చు. ఖరీదంతా సాధారణంగా ఆ రూల్ బాక్స్ కార్డుల దగ్గరే ఉంటుంది కాబట్టి, పిల్లల దగ్గర డబ్బాల్లో మూలుగుతున్న మామూలు కార్డులే డెక్ అవుతాయి. పైగా ఒక్కటే చాలు కాబట్టి, మిగిలిన కాపీలు పక్కింటి పాపకి ఇచ్చేయొచ్చు.

ఒక చిక్కుంది: పేరు వేరైనా పని ఒకటే అయిన కొన్ని కార్డుల్లో ఒకదాన్నే పెట్టనిస్తారు. ప్రొఫెసర్ జూనిపర్, ప్రొఫెసర్ సికమోర్ అలాంటివే. చిన్న నిషేధ జాబితా కూడా ఉంటుంది, డెక్ కట్టే ముందు చూసుకోండి. ఎనర్జీ 12 నుంచి 15తో మొదలుపెట్టమనండి. పిల్లలు ఇరవై దాకా వేసి చేతినిండా ఎనర్జీలతో కూర్చుంటారు.

ప్రశ్న: యూ-గి-ఓలో 'ఎడిసన్ ఫార్మాట్' (ఆట పద్ధతి) అంటే మన ఎడిసన్ ఊరేనా?
– పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీ ఎడిసనే. 2010 ఏప్రిల్‌లో అక్కడ జరిగిన షోనెన్ జంప్ ఛాంపియన్‌షిప్ అనే యూ-గి-ఓ పోటీ పేరు మీద వచ్చింది. అప్పటిదాకా వచ్చిన కార్డులు, 2010 మార్చి నిషేధ జాబితా, అక్కడితో కాలాన్ని ఆపేశారు. 2005 దగ్గర ఆపిన 'గోట్' కూడా ఇలాంటిదే. కొత్త సెట్ వచ్చి మీ డెక్‌ను పాతబెట్టదు, అదే లాభం. పాత కార్డుల తర్వాతి అచ్చులు కూడా వాడొచ్చు కాబట్టి మొదటి అచ్చు వెంట పడకండి. ఆడేవాళ్లు పెరిగితే తిరిగి అచ్చుకాని కార్డులు ప్రియమవుతాయి, అదొక్కటే నష్టం.

ప్రశ్న: అసలు ప్యాకుల జూదమే లేని కార్డు ఆట లేదా?
– ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఉంది. ఫాంటసీ ఫ్లైట్ సంస్థ 2012లో 'ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్'ను అలాగే తెచ్చింది. ప్రతి డేటా ప్యాక్ (అదనపు కార్డుల ప్యాకు)లో 20 రకాలు, ఒక్కోటి మూడేసి, మొత్తం 60. ఎవరు కొన్నా అవే కార్డులు. అయినా లోపం ఉండేది: మొదట కొనే కోర్ సెట్‌లో కొన్ని కార్డులు ఒకటో రెండో ఇచ్చారు, మూడు కావాలంటే రెండో సెట్టూ మూడో సెట్టూ కొనేవాళ్లు. 2018లో ఆ సంస్థ ఆపేశాక అభిమానులే చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు 'నల్ సిగ్నల్ గేమ్స్' పేరుతో కొత్త సెట్లు తెస్తున్నారు, అచ్చు వేసుకోవడానికి ఫైళ్లు ఉచితంగా ఇస్తారు. బడిలో ఆడించాలంటే పైన చెప్పినట్టే ఏ4కి తొమ్మిది, 100 శాతం, నలుపు-తెలుపు. ఈ ఆటలో ఇద్దరి పాత్రలూ వేరు: ఒకరు కార్పొరేషన్, ఇంకొకరు హ్యాకర్. కాబట్టి ఇద్దరికీ రెండు రకాల డెక్‌లు అచ్చేసి, రెండో ఆటకు పాత్రలు మార్చమనండి.